రెండో పిల్లి

ఇంట్లో కుక్క పోతే వీధి వీధంతా వచ్చి పలకరిస్తుంది. పిల్లి పోతే మాత్రం "పిల్లేగా!" అని తేల్చేస్తారు. అంతటితో ఊరుకున్నా బాగుండేది. దాని గిన్నె కడిగి బోర్లించకముందే, "మా గోడవతల నాలుగు పిల్లలున్నాయండీ, ఒకటి పట్టుకెళ్లండి" అని దానం ప్రకటిస్తారు. చెప్పు తెగితే కొత్త జత కొనుక్కోమన్నంత తేలిగ్గా.

ఈ మాటలతో పోయినదానికి జరిగే అన్యాయం ఎలాగూ ఉంది. రాబోయేదానికి జరిగేదాన్నే ఎవరూ లెక్కచేయరు. అది ఇంకా గడప తొక్కనే లేదు, పోలికలు మాత్రం సిద్ధం. "అది ఇలా అరిచేది కాదు." "అది పరుపెక్కేది కాదు." ఎక్కేది! పోయాక ఎక్కడం మానేసింది, అంతే.

జపాన్ నవలాకారుడు నత్సుమే సోసెకి ఇంటి సంగతి చూడండి. దిక్కూ మొక్కూ లేని ఓ పిల్లిపిల్ల ఆ ఇంట్లో దూరింది. ఆయన భార్య క్యోకోకి పిల్లులంటే గిట్టదు. ఎన్నిసార్లు బయటికి విసిరినా అది మళ్లీ లోపలికే వచ్చేది. చివరికి ఒళ్లు పట్టడానికి వచ్చే ముసలమ్మ దాని కాళ్లు తిప్పి చూసి, గోళ్ల దాకా నలుపే, ఇది ఇంటికి కలిసొచ్చే పిల్లి అని చెప్పాక గాని ఆమె మెత్తబడలేదు. కలిసిరావడమంటే అలా ఇలా కాదు. 1905లో ఆ పిల్లి ప్రేరణతోనే ‘నేను పిల్లిని’ నవల మొదలైంది, సోసెకి పేరు మోగిపోయింది. అంత చేసిన పిల్లికి ఆ ఇంట్లో పేరే పెట్టలేదు.

1908 సెప్టెంబరులో అది చనిపోయింది. సోసెకి తన శిష్యులకు కార్డులు రాసి ఆ కబురు తెలియజేశాడు. పెరట్లో పాతిపెట్టి, గుర్తుగా నిలిపిన కర్ర మీద ఓ హైకూ రాశాడు. అది పోయిన తేదీ వచ్చినప్పుడల్లా క్యోకో ఆ సమాధి దగ్గర ఒక సాల్మన్ చేప ముక్క, ఎండుచేప తురుము చల్లిన అన్నం పెట్టేది. ఒకప్పుడు దాన్ని మెడ పట్టి బయట పడేసిన చేతులే అవి.

రెండో పిల్లి గతి ఏమిటి? 1915లో రాసిన వ్యాసాల్లో సోసెకియే చెప్పాడు. ఇంటికొచ్చిన వాళ్లెవరో ఇది ఎన్నో పిల్లి అని అడిగితే, రెండోది అనేశాడు. తర్వాత ఆలోచిస్తే అది మూడోది! అసలు రెండోది పసితనంలోనే, ఇంట్లో వాళ్లెవరో చూడకుండా కాలు వేయడంతో చచ్చిపోయింది. మొదటిదానికి నవల, హైకూ, తద్దినం. రెండోదానికి లెక్కలో కూడా చోటు లేదు.

ఇంగ్లీషువాళ్లు మరో దారి పట్టారు. 1962లో చర్చిల్‌కు 88వ పుట్టినరోజు కానుకగా నారింజ రంగు పిల్లి వచ్చింది. పేరు జాక్. ఆయన పోయాక, చార్ట్‌వెల్ ఇంట్లో ఎప్పుడూ అలాంటి పిల్లే ఉండాలని, దాని పేరూ జాకే కావాలని కుటుంబం కోరింది. మెడ కింద తెలుపు, నాలుగు కాళ్లకూ తెల్ల మేజోళ్లు తప్పనిసరి. 2020లో ఏడో జాక్ వచ్చింది. జపాన్‌లోనూ ఇలాంటిదే: కిషి రైల్వే స్టేషన్ మాస్టరుగా ఉన్న తామా అనే పిల్లి 2015 జూన్‌లో చనిపోతే, సంతాప దినాలు ముగియగానే నితామా అనే మరో పిల్లి ఆ కుర్చీ ఎక్కింది. ఇది ఉద్యోగం కాబట్టి చెల్లింది. ఇంట్లో పిల్లికి ఉద్యోగం ఉండదు, కాబట్టి ఖాళీ భర్తీ కూడా కుదరదు. పాత పేరు పెట్టి పిలిస్తే కొత్తది పలకదు సరికదా, మూడురోజులు మంచం కిందనుంచి రాదు.

తొందరపడి తెచ్చుకోకూడదనడానికి ఇంతకంటే గట్టి కారణం ఉంది. పాతది పాన్‌ల్యూకోపీనియా అనే వైరస్ జబ్బుతో పోయి ఉంటే, ఆ వైరస్ ఇంట్లో ఏడాది దాకా నిలవగలదు. టీకా పడని పిల్లను తెస్తే చేజేతులా చంపుకున్నట్టే. ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదలుపెట్టి, పదహారు వారాలు నిండేదాకా విడతలుగా టీకాలు వేయించాలి. ఇల్లంతా ఫినాయిల్‌తో కడిగేశాం కదా అంటారు. ఫినాల్ జాతి మందులు పిల్లులకు విషం, ఆ మందులను వదిలించుకునే శక్తి పిల్లి కాలేయానికి తక్కువ. ఈ వైరస్‌ను చంపేది నీళ్లు కలిపిన బ్లీచ్.

ఇవన్నీ దాటి కొత్త పిల్ల వస్తుంది. వచ్చీరాగానే దాని ముందు పాలగిన్నె! పెరిగిన పిల్లుల్లో చాలావాటికి పాలు అరగవు, విరేచనాలవుతాయి. అయినా మన సామెతల్లో పిల్లి కళ్లు మూసుకుని పాలే తాగుతుంది. అసలు తెలుగు సామెతకు పిల్లి మీద ఏదో పాత పగ ఉంది. పరమ లోభిని తిట్టాలంటే పిల్లికి బిచ్చం పెట్టడంటారు. స్థిమితం లేనివాడు కాలుకాలిన పిల్లి. కాలు ఎవరు కాల్చారో అడగరు. అది శపించినా ఉట్లు తెగవట, ఆ శాపానికి కూడా విలువ లేదు.

ఇక తెనాలి రామలింగడు. పిల్లిని పెంచమని రాయలవారు ఆవునిస్తే, ఆయన చేసిన ఘనకార్యం మొదటిరోజే మరిగే పాలు పెట్టి మూతి కాల్చడం. అది జన్మలో పాలు ముట్టలేదు. పాలన్నీ ఇంటిల్లిపాదీ తాగారు. సభలో పాలగిన్నె చూడగానే ఎముకల గూడులాంటి ఆ పిల్లి పరుగో పరుగు, రాయలవారికి నవ్వే నవ్వు. కథ చెప్పే ప్రతివాడూ అక్కడే ఆపేస్తాడు. ఆ పిల్లి తర్వాత ఎవరింట్లో పెరిగిందో, దాని మూతికి వెన్న రాసినవాళ్లెవరో ఒక్కడూ చెప్పడు.