మా సిరికి కుట్లు

కుక్కలకి కూడా రొమ్ములో గడ్డలొస్తాయంటే మా వీధిలో సగంమంది నవ్వారు. వస్తాయండీ, బాగానే వస్తాయి, అందులోనూ పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించని ఆడకుక్కలకి. మొదటిసారి ఎదకి రాకముందే అది చేయిస్తే ఈ జబ్బు చాలా అరుదుట. మా సిరి ఎవరో వదిలేసిపోతే మా గేటు దగ్గరికి చేరేసరికే 4 ఏళ్ళది. ఇప్పుడు 10.

ఒళ్ళు తుడుస్తుంటే పొట్టకింద శనగగింజంత గడ్డ తగిలింది. మర్నాడే తీసుకెళ్ళాం. కుక్కకి మామూలుగా 5 జతల రొమ్ములు, పిల్లికి 4 జతలు. డాక్టరమ్మ ఒక్కొక్కటీ తడిమి రెండో గడ్డ కూడా పట్టుకున్నారు. కుక్కల్లో ఇవి దాదాపు సగం కేన్సర్ కావుట, పిల్లుల్లో మాత్రం ఎక్కువభాగం కేన్సరేనట. తీసి పరీక్షకి పంపితేనే తెలిసేది. ముందు ఛాతీ ఎక్స్‌రే. ఊపిరితిత్తులకి పాకితే ఇక కోసి లాభం లేదన్నారు. శుభ్రంగా ఉందనేదాకా నేను కూర్చోలేకపోయాను.

ఇంట్లో రగడ అప్పుడు మొదలైంది. "ముసలిదానికి కోతలెందుకే, ఉన్నన్నాళ్ళు ఉంటుంది" అన్నారు అత్తయ్య. పిసినారితనం కాదు. వాళ్ళ చెల్లెలు ఆపరేషన్ బల్ల మీంచి లేవలేదు, మత్తుమందంటేనే ఆవిడకి వణుకు. "గడ్డ పగిలి పుండయితే ఎవరు చూస్తారమ్మా?" అన్నారు మావారు. ఎవరు చూస్తారు, నేనే! అందుకే సంతకం నేనే పెట్టాను.

ఒకపక్క చివరి రొమ్ములు, గజ్జలోని గ్రంథితో సహా తీసేశారు. జానెడు కుట్లు. నాకకుండా మెడకి పెట్టిన ప్లాస్టిక్ గొట్టంతో అది గోడలకి గుద్దుకుని ఏడుస్తుంటే, అత్తయ్యే మామయ్యగారి పాత బనీన్లు కత్తిరించి, వీపుమీద ముడేసేలా నాడాలు కుట్టారు. డాక్టరమ్మ చూసి సరేనన్నాక గొట్టం తీసేశాం. రోజుకో బనీను, ఉతుకు, ఆరెయ్యి. 12వ రోజున కుట్లు విప్పారు.

అన్నట్టు, మనం వేసుకునే నొప్పి మాత్రలు వాటికి పెట్టకండి. పెరాసెటమాల్ ఒక్క మాత్ర పిల్లి ప్రాణం తీయగలదు.

రిపోర్టు వచ్చింది. ఒకటి ఉత్త గడ్డ, రెండోది కేన్సర్. అంచుల్లో మిగల్లేదు. 3 నెలలకోసారి ఎక్స్‌రే తీయించమన్నారు. తర్వాతది దసరా అయ్యాక. ఆ రోజు తనూ వస్తానంటున్నారు అత్తయ్య. బనీన్లు మాత్రం ఇంకా పారెయ్యనివ్వట్లేదు.