మచ్చ పడకుండా

కంబదూరు నుంచి మా చెల్లెలు ఫోను చేస్తే ముందు వాన సంగతి, శనక్కాయ సంగతి చెప్తుంది. ఆ రోజు మాత్రం గొంతు తగ్గించి, "పాపకు రొమ్ములో గడ్డ ఉండాదక్కా. నొప్పి ల్యాదంట. కోయకుండా తీసే మిషను వచ్చిందంట కదా, హైదరాబాదులో ఉందేమో కనుక్కో" అంది. పాపకు ఇరవై రెండేళ్ళు. సంబంధాలు చూస్తున్నారు. మా చెల్లెలికి గడ్డంటే ఎంత భయమో మచ్చన్నా అంతే భయం.

తను విన్నది నిజమే. దాన్ని హైఫు అంటారు. స్కానింగులో వాడే అల్ట్రాసౌండునే చాలా ఎక్కువ శక్తితో ఒక్కచోటికి చేరుస్తారు. ఎండలో భూతద్దం పట్టి ఎండు శనక్కట్టె మీద వెలుగుచుక్క నిలిపితే కట్టె పొగ లేస్తుంది, దారిలో ఉన్న గాలికి ఏమీ కాదు. ఇదీ అంతే. తరంగాలు చర్మం దాటి లోపల కలిసిన చోట వేడి 60 డిగ్రీలు దాటి కణాలు చచ్చిపోతాయి. డాక్టరు తెర మీద గడ్డను చూసుకుంటూ చుక్క తర్వాత చుక్కగా కాలుస్తూ పోతాడు. ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో ఫ్రై సోదరులు 1950లలోనే ఈ పద్ధతిని మెదడు మీద ప్రయోగించారు. రొమ్ము గడ్డల కోసం ఫ్రాన్సులోని థెరాక్లియాన్ కంపెనీ ఎకోపల్స్ అనే యంత్రం చేసింది.

అయితే కాల్చిన గడ్డ బయటికి రాదు. నెలల తరబడి లోపలే మెల్లగా కుంచించుకుపోతుంది, కొంత మిగిలిపోవచ్చు కూడా. కోసి తీస్తే ఆ ముక్కను పరీక్షకు పంపొచ్చు. ఇక్కడ పంపడానికి ముక్కే ఉండదు. అందుకే అదేం గడ్డో ముందే తేలాలి. చేత్తో తడిమి చూడటం, స్కానింగు, సూదితో చిన్న ముక్క తీసి చూడటం, ఈ మూడూ అయ్యాకే మిషను మాట.

"కళ్యాణదుర్గంలో వద్దు, ఎవురన్నా చూస్తారు" అని చెల్లెలు పిల్లను అనంతపురం తీసుకుపోయింది. ఫైబ్రోఅడినోమా అని తేలింది. పదిహేను నుంచి ముప్పై అయిదేళ్ళ లోపు ఆడపిల్లల్లో ఎక్కువగా కనిపించే గడ్డ. కాన్సరు కాదు. వేలు పెడితే జారిపోతుందని ఇంగ్లీషు డాక్టర్లు దీనికి రొమ్ములో ఎలుక అని ముద్దుపేరు పెట్టారు. పెరుగుతుంటేనో, బాధపెడుతుంటేనో, పరీక్షలో అనుమానం వస్తేనో తప్ప చాలామందికి ఏ వైద్యమూ అక్కర్లేదు. ఆరు నెలలకు మళ్ళీ స్కానింగు చేయించమని పంపేశారు.

నాకు ప్రాణం లేచొచ్చింది. చెల్లెలికి మాత్రం సగమే. "అంటే లోపల్నే ఉంటాదా? రేపు అబ్బాయివాళ్ళకు తెలిస్తే?" అంది. కత్తి అక్కర్లేదు, మిషనూ అక్కర్లేదు, ఊరికే ఉండాలి. తనకు అదే కష్టంగా ఉంది. ఒంట్లో ఉన్నదాన్ని కనబడకుండా చేస్తే పిల్లకు విలువ తగ్గదని తన లెక్క. ఆ లెక్క తను కట్టింది కాదు, పెళ్ళిచూపులకు వచ్చే ప్రతి ఇల్లూ నేర్పింది.

పాప ఫోను లాక్కుంది. "పెద్దమ్మా, ఇది రోగం కాదు కదా?"

"కాదు."

"ఇంకేం మరి. చెప్పాల్నో వద్దో నేను చూసుకుంటా. అబ్బాయి మంచోడైతే నేనే చెప్తా."

ఆ రిపోర్టు ఇప్పుడు దాని డిగ్రీ సర్టిఫికెట్ల ఫైల్లోనే ఉంది. దాచమని వాళ్ళమ్మ అంటూనే ఉంది.