పసుపు ఆగుతుంది, చేప ఆగదు

ఆర్మూర్ అనగానే పసుపు గుర్తుకు వస్తుంది. 44, 63 జాతీయ రహదారులు కలిసే ఈ పట్టణం చుట్టుపక్కల పల్లెల్లో జనవరి మొదలు మార్చి వరకు ఎక్కడ చూసినా పసుపు పనే. తవ్వుతారు, ఉడకబెడతారు, కళ్లాల్లో ఎండబోస్తారు, డ్రమ్ముల్లో వేసి మెరుగు పెడతారు. కొమ్ము వేరు, మండ వేరు చేసి సంచులకెత్తుతారు. అయితే ఆర్మూర్‌కు మరో పంట కూడా ఉంది. అది నేల మీద కాక నీటిలో పండుతుంది. ఈసారి మేము కుటుంబ సమేతంగా ఆ పంటను చూడబోయాము.

ఆర్మూర్ నుంచి నిర్మల్ వైపు సాగి, రహదారి దిగి కొద్ది దూరం వెళ్తే పోచంపాడు వస్తుంది. గోదావరిపై ఇక్కడ నిర్మించిన ప్రాజెక్టుకు 1963 జులై 26న నాటి ప్రధాని నెహ్రూ శంకుస్థాపన చేశారు. తర్వాతి కాలంలో అదే శ్రీరాంసాగర్ అయింది. 42 గేట్ల ఈ జలాశయం పూర్తి నీటిమట్టం 1091 అడుగులు. మొదట 112 టీఎంసీల సామర్థ్యంతో తలపెట్టగా, పూడిక చేరి ఇప్పుడు 80.5 టీఎంసీలకు తగ్గింది. నది తెచ్చిన మట్టి ఏటేటా నీటి చోటును ఆక్రమిస్తున్నదన్నమాట. ఆనకట్ట దగ్గర నిలబడి చూసేవారికి ఈ సంగతి తెలియదు. నందిపేట వైపు, వెనుక జలాలు పలుచబడే ఒడ్డున నిలబడితే బురద రూపంలో కళ్లకు కడుతుంది.

ఆ ఒడ్డునే మేము జాలరుల పనిని చూశాము. గంగపుత్రులు, ముదిరాజులు తరతరాలుగా ఈ వృత్తిలో ఉన్నారు. సాయంత్రం వలలను నీటిలో నిలువుగా కట్టి వస్తారు. తెల్లవారకముందే పడవ వేసుకొని వెళ్లి పైకి లాగుతారు. రవ్వ, బొచ్చె, బంగారుతీగ వలకు చిక్కుతాయి. వాలుగ మాత్రం వేటాడి తినే చేప. చిన్న చేపను ఎరగా గుచ్చిన గాలాన్ని అది మింగుతుంది. సముద్రంలోనైతే సాగుతున్న తెరచాప పడవ వెనుక గాలపు తాడును వదిలి వేటాడే పద్ధతి ఉంది. నీటిలో పరుగెత్తే ఎరను చిన్న చేప అనుకొని వంజరం వంటి చేపలు వెంటపడతాయి. ఉపాయం ఎక్కడైనా ఒకటే. చేప ఆకలి తెలిసినవాడే దాన్ని పట్టగలడు.

పట్టడం సగం పనే. మిగతా సగం కత్తి దగ్గర ఉంది. పడవలోనే ఒక వృద్ధ జాలరి చేపను తలపై ఒక్క దెబ్బతో చంపి, మొప్పల కింద కోసి నెత్తురు పోనిచ్చాడు. ఒడ్డుకు చేరాక తోక నుంచి తలవైపు పొలుసు గీశాడు. కడుపును పైపైన చీల్చి, చేదు తిత్తి పగలకుండా పేగులు తీశాడు. అది పగిలితే మాంసమంతా చేదెక్కుతుంది. లోపలి నల్లపొరను గీకి కడిగాడు. వాలుగకు పొలుసు ఉండదు గనుక పని తేలిక. కొర్రమీను జారిపోకుండా బూడిద పట్టించి గరుకు రాయిపై రుద్దుతారు. చివరికి ఉప్పు, పసుపు. ఆర్మూర్ రెండు పంటలూ ఆ పళ్లెంలో కలుసుకున్నాయి.

"ఇంత తొందరెందుకు అన్నా?" అని అడిగాము.

"ఎండ మీదికొస్తే చేప మన మాట వినదు భాయ్" అన్నాడు.

మా పిల్లలు మరో ప్రశ్న వేశారు: "జబహ్ చేయకుండా చేప ఎలా హలాల్ అవుతుంది?" నీటి వేటను అల్లాహ్ మనకు ధర్మసమ్మతం చేశాడని దివ్య ఖుర్ఆన్‌లోని మాయిదా సూరా తెలుపుతున్నది. అందుచేత చేపకు జబహ్ షరతు లేదు. తనంతట తాను చచ్చి నీటిపై తేలిన చేపను మాత్రం హనఫీ పండితులు తినకూడదన్నారు. జబహ్ అవసరం లేదన్నంత మాత్రాన ప్రాణిని కొట్టుమిట్టాడనిచ్చి ఆలస్యం చేయవచ్చని అర్థం కాదు. ప్రతి పనిలోనూ ఇహ్‌సాన్ చూపమని, వధించే వేళ సైతం ప్రాణికి బాధ తగ్గించమని దైవప్రవక్త (స) బోధించారు. ఆ వృద్ధుని ఒక్క దెబ్బలో మాకు ఆ బోధ కనిపించింది. ఆయన పేగులను, పొలుసులను నీటిలో పారవేయలేదు. దూరంగా గుంత తీసి పూడ్చాడు. పదుగురు వాడుకొనే నీటిని మలినం చేయరాదన్న విషయంలో ఆయనకు మన ఉపదేశం అవసరం లేకపోయింది.

ఆ ఉదయం మమ్మల్ని ఎక్కువగా ఆలోచింపజేసినది మరొకటి. ఉడికి ఎండిన పసుపు నెలల తరబడి నిలువ ఉంటుంది. నిజామాబాద్ మార్కెట్ యార్డులో ధర నచ్చకపోతే, స్తోమత ఉన్న రైతు సంచులను ఇంట్లో పేర్చుకొని ఆగుతాడు. లేదా మహారాష్ట్రలోని సాంగ్లీ దాకా తీసుకుపోతాడు. పసుపు రైతు కష్టాలు తక్కువేమీ కావు. జాతీయ పసుపు బోర్డు కోసం ఈ జిల్లా ఏళ్లకేళ్లు ఎదురుచూసి 2025లో గాని పొందలేదు. అయినా ఆ రైతు చేతిలో కొంత గడువు ఉంది. జాలరికి ఆ గడువు లేదు. సూర్యుడు నెత్తిమీదికి వచ్చేలోగా అమ్మాలి. ఒడ్డునే కాచుకొని ఉండే కొనుగోలుదారుకు ఈ సంగతి బాగా తెలుసు. ఎండ ముదిరే కొద్దీ అతని బేరమూ ముదురుతుంది.

సరుకు తెచ్చే బిడారులు సంతకు చేరకముందే దారిలో ఎదురేగి, అక్కడి ధర తెలియనివ్వకుండా కొనడాన్ని దైవప్రవక్త (స) నిషేధించారు. ఒంటెల బిడారులు ఇప్పుడు లేవు. కాని సంత ధర తెలియనివాడు, ఆగలేనివాడు నేటికీ ఒడ్డున తడిసిన కాళ్లతో నిలబడే ఉన్నాడు. తూనికలో తగ్గించేవారిని ముతఫ్ఫిఫీన్ సూరా తీవ్రంగా హెచ్చరించింది. ఒకరి అవసరాన్ని చూసి ధర కోయడం త్రాసుకు చిక్కని తగ్గింపు.

పాఠకులారా! శ్రీరాంసాగర్ చూడబోతే గేట్లను చూడండి, అలలను చూడండి. చేప కొంటే మాత్రం పట్టణంలో పలికే ధరను ముందుగా తెలుసుకొని, ఒడ్డున ఉన్నవాడికి న్యాయమైన వెల ఇవ్వండి. ఎండెక్కిందని బేరం పెంచకండి. బొచ్చె పిల్లలు అరచేయంత ఉన్నవి చూపితే వద్దనండి. పూడికతో కుంచించుకుపోతున్న ఆ నీటిలో అవి ఎదగవలసిన రేపటి ఉపాధి. ఇంటికి తెచ్చి పసుపు పట్టించేటప్పుడు పిల్లలకు ఈ రెండు చేతుల కథా చెప్పండి. బిస్మిల్లాహ్ అని ముద్ద ఎత్తే వేళ, ఆ చేప మన పళ్లెంలోకి ఎవరి హక్కునూ మింగకుండా వచ్చిందన్న నిశ్చింత ఉండాలి.