తాబేళ్ల తీరంలో బటర్‌ఫ్లై

పొడంపేటకు నన్ను రప్పించింది ఒక ఇటాలియన్ ఒపేరా. వింటే నవ్వొస్తుంది గానీ నిజం. పుచ్చీని 'మదామా బటర్‌ఫ్లై'ని తెలుగులో ఆడించాలన్న పురుగు చాలాకాలంగా నా బుర్ర తొలుస్తోంది. కథ నాగసాకిలో జరుగుతుంది. చో-చో-సాన్ అనే పదిహేనేళ్ల పిల్లను అమెరికా నౌకాదళ అధికారి పింకర్టన్ పెళ్లాడి, ఓడెక్కి వెళ్లిపోతాడు. చంటివాణ్ణి పెట్టుకుని ఆమె మూడేళ్లు రేవువైపే చూస్తుంటుంది. అతను వస్తాడు, అమెరికా భార్యను వెంటబెట్టుకుని. కొడుకును వాళ్లకప్పగించి ఆమె ప్రాణం తీసుకుంటుంది.

దీన్ని కిమోనోలు తొడిగించి, కాగితపు గొడుగులు పట్టించి ఆడితే స్కూలు వార్షికోత్సవంలా ఉంటుంది. లండన్ రాయల్ ఒపేరా వాళ్లే 2022లో జపాన్ సంస్కృతి తెలిసినవాళ్లతో చర్చించి తమ పాత ప్రదర్శనలో వేషం, కదలికలు మార్చుకున్నారు. మనం ఆడాలంటే మన తీరం, మన ఎదురుచూపు కావాలి. వెంటనే గోపాల్‌పూర్ గుర్తొచ్చింది. రెండో ప్రపంచ యుద్ధం దాకా ఆ రేవు నుంచి మనవాళ్లు స్టీమరెక్కి రంగూన్ వెళ్లేవారు. అక్కడిప్పుడు రేవు కన్నా బీచి రిసార్టులే కనిపిస్తాయి. బరంపురంలో ఒక మిత్రుడు, "గంజాం దాటి పొడంపేట వెళ్లండి, అక్కడ తెలుగు వినిపిస్తుంది" అన్నాడు.

ఛత్రపురం మీదుగా హైవేలో వెళ్లి, ఋషికుల్య వంతెన దాటి గంజాం దగ్గర సముద్రం వైపు తిరిగాం. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ఏర్పడే దాకా ఇదంతా మద్రాసు ప్రెసిడెన్సీయే. బోర్డులు ఒడియాలో ఉన్నాయి, తిట్లు మాత్రం తెలుగులో వినపడ్డాయి.

పాత పొడంపేటను సముద్రం మింగేసింది. జనాన్ని లోపలికి, కొత్త కాలనీకి మార్చారు. ఒడ్డున మిగిలిన ఒక గోడ మీద నీలిరంగు సున్నం ఇంకా ఉంది. ఆ గోడలోనే దీపం గూడు, గూడు పైన మసి, పక్కన కేలెండరు తగిలించుకున్న మేకు. గడప ఉండాల్సిన చోట ఇసుక. సెట్టు వేయించే ఖర్చు తప్పిందన్న ఆలోచన ముందుగా వచ్చింది నాకు. నాటకాలవాళ్ల బుద్ధి ఇంతే.

కాలనీలో టార్పాలిన్ నీడన ఆడవాళ్లు నెత్తళ్లు ఏరుతున్నారు. ఊళ్లో మగవాళ్లు పెద్దగా కనిపించలేదు. ఈ ఒడ్డున గుడ్లు పెట్టడానికొచ్చే తాబేళ్ల కోసం ఏటా నవంబరు 1 నుంచి మే 31 దాకా ఋషికుల్య మొగ దగ్గర ఒడ్డు నుంచి 20 కిలోమీటర్ల లోపల వేట నిషేధం. వయసులో ఉన్నవాళ్లు చెన్నై, కేరళ బోట్ల మీదికి పోయారట.

వాళ్లకు కథ చెప్పాను. రాబిన్ పిట్ట ముచ్చట దగ్గర అందరూ చేతులాపారు. ఆ పిట్ట గూడు కట్టే కాలానికి వస్తానని పింకర్టన్ మాటిచ్చి వెళతాడు. ఇక్కడ మూడుసార్లు గూడు కట్టిందే, మీ దేశంలో అది ఎప్పుడు కడుతుందని ఆమె అమెరికా కాన్సల్‌ను అడుగుతుంది. ఆయన నీళ్లు నములుతాడు. నేను తెలివిగా, పిట్ట బదులు తాబేలు పెడతానన్నాను. తాబేళ్లు గుడ్లు పెట్టే వేళకు వస్తానని మొగుడు చెప్పినట్టు.

"అదేటి బాబూ! తాబేళ్లొస్తేనే గదా మావోళ్లు ఎల్లిపోయేది" అందొకామె.

నా తెలివి అక్కడితో సరి. అయితే ఆ తిరగేసిన లెక్కే బాగుంది. 2024లో ఇక్కడ మూకుమ్మడిగా గుడ్లు పెట్టడానికి తాబేళ్లు రాలేదు. 2025 ఫిబ్రవరిలో దాదాపు 7 లక్షలు వచ్చాయి. వచ్చినా రాకపోయినా నిషేధం నిషేధమే. ఇక్కడి బటర్‌ఫ్లై తాబేళ్లను చూసి రోజులు లెక్కపెడుతుంది గానీ సంబరపడదు.

తర్వాత ప్రశ్నలు మొదలయ్యాయి. మూడేళ్లు ఒక్క ఫోనైనా చెయ్యలేదా? ఈ కాలపు ప్రేక్షకుడు ఎలాగూ అడిగేదే, దానికి నా దగ్గర జవాబుంది: కథను రంగూన్ స్టీమర్ల రోజుల్లోనే ఉంచుతాను. రెండో ప్రశ్నకు మాత్రం నేను సిద్ధపడి రాలేదు.

"మేనమామలు, సిన్నాన్నలు ఏటి సేస్తన్నారు?"

మతం మార్చుకుందని ఆమెను బంధువులంతా పెళ్లిరోజునే వదిలేశారని చెప్పాను.

"ఎలేసినారా! మరి ఆ ముక్క ముందే సెప్పవేటి?"

బౌద్ధ సన్యాసి మేనమామ వచ్చి శపించే ఆ ఘట్టం నిమిషాల్లో అయిపోతుంది. ప్రేమ యుగళం తొందరలో నేను దాన్ని ఇంకా కుదించాలనుకున్నాను. వీళ్ల లెక్కలో పింకర్టన్ మోసం సగమే. వెలి వేయకపోతే ఆ పిల్ల బిడ్డను ఇచ్చేదీ కాదు, చచ్చేదీ కాదు. వాళ్ల మాటే సబబనిపించింది. మొదటి అంకంలో ఆ సీను పెరగాలి.

రాత్రంతా ఆమె మేలుకునే చోట పుచ్చీని మాటలు తీసేశాడు. తెర వెనక బృందం నోరు విప్పకుండా కూనిరాగం తీస్తుంది. పద్యానికి వన్స్‌మోర్ కొట్టే మన ప్రేక్షకుడు మాటల్లేని పాటను భరిస్తాడా అన్నది నా పాత భయం. ఇటలీ ప్రేక్షకులే మొదట భరించలేదు: 1904 ఫిబ్రవరి 17న మిలాన్‌లోని లా స్కాలాలో తొలి ప్రదర్శననాడు ఈ ఒపేరాను గేలిచేసి గోల పెట్టారు. వేకువ కోసం హాల్లో పిట్టకూతలు కూయిస్తే జనం జంతువుల అరుపులతో బదులిచ్చారు. పొడుగైన రెండో అంకాన్ని విడగొట్టి, మే 28న బ్రెస్సియాలో ఆడితే గెలిచింది, అక్కడా వన్స్‌మోర్లు పడ్డాయి. ఇక పదిహేనేళ్ల చో-చో-సాన్ వేషం నలభై దాటిన గాయనులూ వేస్తారు. అది మనకు అడ్డు కాదు, ఆడవేషంలో స్థానం నరసింహారావుగారిని సత్యభామగా నమ్మినవాళ్లం. పాడుతూ రాత్రంతా సాగే నాటకమూ ఈ జిల్లాకు కొత్త కాదు. జలంతర రాజుగారి ప్రహ్లాద నాటకం గంజాం పల్లెల్లో ఇంకా ఆడుతున్నారు.

ఎప్పుడాడతారని ఆడవాళ్లు అడిగారు. ఫిబ్రవరి వెన్నెల్లో, ఒడ్డున ఆ గోడ దగ్గరన్నాను. తాబేళ్ల వేళ ఒడ్డున లైట్లు వేయనివ్వరన్నారు. జూన్ అంటే వాన. అక్టోబరు అనగానే 2013లో ఫైలిన్ తుఫాను వచ్చిన 12వ తేదీ గుర్తుచేశారు. చివరికి సంక్రాంతి అని తేల్చారు. మగవాళ్లు వస్తారు, మైకు సెట్టు ఎలాగూ ఉంటుంది, కాలనీలో లోపలే ఆడుకోవచ్చు.

ఆ రాత్రి రికార్డింగ్ డాన్సు కూడా ఉంటుందట. ముందు మా నాటకం వేసుకోమన్నారు, కానీ రెండు గంటల్లో ముగించాలి.