ఆసు ముందు తొమ్మిదో తరగతి

పోచంపల్లి పక్క ఊళ్లో ఉన్నత పాఠశాలలో లెక్కలు చెప్పే పాత మిత్రుడు "ఒక్కసారి వచ్చి చూడరా, తర్వాత తిట్టుకో" అని పిలిస్తే వెళ్లాను. డిజిటల్ బోర్డూ, బడితోటా చూపిస్తానన్నాడు. నేను తొమ్మిదో తరగతి గది దాటితేగా!

గది మధ్యలో ఆసు. ఒక కొసన ఒంటి మేకు, ఎదురుగా అర్ధచంద్రంలా మేకుల వరస. వాటి మధ్య పేక నూలు తిప్పుతోంది ఓ అవ్వ. కళ్లు పిల్లల మీద, చెయ్యి దాని దారిన అది. ఆ నూలుకు చిటికి ముడులు కట్టి రంగులో ముంచేముందు, ఒక్క చీరకు ఆ చెయ్యి దాదాపు 9,000 సార్లు ఆడాలి.

పిల్లలు టేపు పెట్టి కొలిచారు. పోయి రావడానికి సగటున 2 మీటర్లు.

"పద్దెనిమిది కిలోమీటర్లు అవ్వా!"

"గంతనా బిడ్డా? గందుకేనా బుజం రాత్రంత గుంజుతది!"

ఒకడు జీవశాస్త్రం పుస్తకం తెచ్చి, బంతి గిన్నె కీలు బొమ్మను ఆమె భుజం పక్కన పెట్టి చూశాడు. మావాడు నోరు మెదపలేదు. నాకు అదే నచ్చింది.

స్టాఫ్‌రూంలో ఒక టీచరమ్మ గొణుగుడు చెవిన పడింది: "ఆయనకేం, ఆసు తిప్పిస్తడు. పోర్షన్ ఎవరు పూర్తి చేయాలె?" కోపమొచ్చింది, ఆమె మీద కాదు. బడి చదువును బయటి బతుకుతో కలపమని జాతీయ పాఠ్యప్రణాళికా చట్రం 2005లోనే చెప్పింది. మనం దాన్ని ప్రాజెక్టు వర్కు చేశాం. పిల్లలు దాన్ని జిరాక్సు షాపులో కొంటున్నారు. అర్ధవృత్తం లెక్కల పీరియడులో, భుజం సైన్సులో, మగ్గం సోషల్‌లో. మూడూ కలిసే పీరియడు టైంటేబుల్లో లేదు.

ఇదే జిల్లా శారాజీపేటలో చింతకింది మల్లేశం, అమ్మ భుజం నొప్పి చూడలేక ఆసు యంత్రం చేశాడు. అమ్మ పేరే పెట్టాడు, లక్ష్మి ఆసు అని. 2017లో పద్మశ్రీ ఇచ్చాం. ఆరో తరగతితో బడి మానేసిన మనిషి! ఆ సంగతి గొప్పగా చెప్పుకుంటాం గానీ, అందులో బడికి తగిలే దెబ్బ మాత్రం మనకు వినపడదు. ఈ అవ్వ ఇంట్లో ఆ యంత్రం ఇంకా లేదు.

గంట కొట్టారు. సోషల్ సార్ గుమ్మంలో నిలబడ్డారు.

"జర ఆగుండ్రి సారూ, నడుమల ఇడిస్తె లెక్క తప్పుతది" అంది అవ్వ.

నలుగురు పిల్లలు దారం కదలకుండా ఆసును ఎత్తి వరండాలో పెట్టారు. లోపల సార్ బోర్డు తుడిచి రాశారు: పారిశ్రామిక విప్లవం.