మర్జ్ ఒకచోట, దవా ఇంకోచోట

తిరువూరు చుట్టుపక్కల ఊళ్లలో తిరిగి బట్టలమ్మే మా ఛోటేకి బండి ఆగిందంటే రోజీ ఆగినట్టే. ఏడాదిలో రెండు బ్యాటరీలు మార్చాడు. మూడోదీ నెల తిరక్కుండానే పడుకుంది. సెల్ఫ్ పట్టదు, హారన్ మూలుగుతుంది. "ఇంకోటి వేయించు భాయ్" అన్నారు షాపులో. పిల్లల ఫీజు పైసలు మళ్లీ అక్కడికే పోవాలా?

మెకానిక్ పని తెలిసిన మా మామూ "జర సబర్ బేటా" అని మీటర్ పెట్టారు. నిండు బ్యాటరీ, ఇంజిన్ ఆపి కాసేపు ఉంచితే 12.6 వోల్టులకు తగ్గదు. ఇంజిన్ రేజ్ చేస్తే 14 దాకా ఎక్కాలి. మాది 12 దాటలేదు. అంటే బ్యాటరీ బీమార్ కాదు, భూకా!

బ్యాటరీ దాచుకునే డబ్బా మాత్రమే. కమాయించేది మాగ్నెట్ కాయిల్. ఆ ఏసీ కరెంటును డీసీగా మార్చి, హద్దు దాటకుండా చూసేది రెక్టిఫైయర్. ఫ్యూజు బాగుంది, కాయిల్ నుంచి కరెంటూ వస్తోంది. రెక్టిఫైయర్ కనెక్టర్‌లో ఒక పిన్ను కాలి నల్లబడింది. కనెక్టర్ మార్చి, బ్యాటరీకి బయట ఛార్జింగ్ పెట్టించాం. మీటర్ 14.1 చూపింది.

బ్యాటరీ కొనేముందు ఈ రెండు లెక్కలూ చూపించమని అడగండి. మన హలాల్ కమాయి మీద మనకా హక్కుంది.