ఈరీ సరస్సుకి సెకండ్ హ్యాండ్ పడవ కొనాలంటే...

సరస్సు అంటే మనకి హుస్సేన్ సాగర్ గుర్తొస్తుంది. గట్టు మీద మొక్కజొన్న పొత్తులు, మధ్యలో బుద్ధుడు, మెల్లగా తిరిగే టూరిజం బోటు. ఆ బొమ్మ మనసులో పెట్టుకుని ఒహాయోలో ఈరీ సరస్సు ఒడ్డున నిలబడితే కాసేపు నోట మాట రాదు. పొడవు 388 కిలోమీటర్లు, వెడల్పు ఎక్కువున్న చోట 92. అవతలి ఒడ్డు కెనడాది. గాలి లేస్తే కెరటాలు బండల మీద పగిలి రోడ్డు దాకా తుంపర కొడతాయి. ఉప్పు వాసన ఉండదు గానీ, చూడటానికి అచ్చం సముద్రమే.

కొలంబస్, క్లీవ్‌లాండ్, డెట్రాయిట్‌లలో మనవాళ్ళు బాగానే ఉన్నారు. క్లీవ్‌లాండ్‌లో 1978 నుంచి ఈస్టర్ రోజుల్లో త్యాగరాజ ఆరాధన జరుగుతోంది. దాదాపు అదే టైమ్‌లో సరస్సు పడమటి కొసన వాల్‌ఐ అనే చేప గుడ్లు పెట్టడానికి రాతి తిప్పల మీదికి, మామీ నదిలోకి వస్తుంది. పోర్ట్ క్లింటన్ అనే చిన్న ఊరు తనని తాను ప్రపంచ వాల్‌ఐ రాజధాని అని చెప్పుకుంటుంది. న్యూయార్క్‌లో డిసెంబర్ 31 రాత్రి వెలుగుల బంతి దిగితే, ఇక్కడ పెద్ద ఫైబర్ గ్లాస్ చేప దిగుతుంది! ఆ చేప వేపుడుకి చాలా బావుంటుంది. పులుసుకి మాత్రం మన కొర్రమీను ముందు నిలవదు, అది వేరే సంగతి.

ఏప్రిల్, మే వచ్చేసరికి మన కుర్రాళ్ళు కూడా అద్దె బోట్లు ఎక్కడం మొదలుపెడతారు. రెండు సీజన్లు తిరిగాక, ‘మనమే ఒకటి కొనేస్తే పోలా’ అనిపిస్తుంది. కొత్త పడవ ధర చూస్తే కళ్ళు తిరుగుతాయి కాబట్టి చూపు సెకండ్ హ్యాండ్ మీదికి పోతుంది. ఇంట్లో పిల్లలు ఉన్నవాళ్ళకి నచ్చేది డ్యుయల్ కన్సోల్. కుడి పక్క ఒకటి, ఎడమ పక్క ఒకటి, రెండు కన్సోళ్ళు. వాటి మీద అడ్డంగా కారుకి ఉన్నట్టు అద్దం. మధ్యలోంచి ముందుకు నడిచి వెళ్ళే దారి, ముందు కూర్చోడానికి సీట్లు, వెనక చేపలు పట్టడానికి ఖాళీ. ఏప్రిల్‌లో నీళ్ళు పది డిగ్రీలు కూడా లేనప్పుడు ఆ అద్దం చేసే మేలు అంతా ఇంతా కాదు. సెంటర్ కన్సోల్‌లో అయితే తడిసి వణకాల్సిందే.

అసలు చూడాల్సింది మాత్రం సీట్లు కాదు, కెరటం. ఈరీ లోతు సగటున 19 మీటర్లే. పడమటి భాగంలో అయితే ఏడు మీటర్ల చిల్లర. పళ్ళెంలో నీళ్ళు పోసి ఊదినట్టే, గాలి కొడితే వెంటనే కెరటం లేస్తుంది. మహాసముద్రంలో ఎత్తయిన అల కూడా పది సెకన్లకి ఒకటి చొప్పున తాపీగా వస్తుంది, పడవ ఎక్కి దిగుతుంది. ఇక్కడ మూడు నాలుగు సెకన్లకే ఇంకోటి వచ్చేస్తుంది, అదీ నిట్టనిలువుగా. ఒకదాని మీంచి దిగేలోపు ముక్కు రెండోదానిలో గుచ్చుకుంటుంది. నైరుతి గాలి గట్టిగా వీస్తే నీళ్ళన్నీ బఫెలో వైపు నెట్టుకుపోతాయి. రెండు కొసల మధ్య నీటి మట్టం తేడా ఒక్కోసారి రెండు మీటర్లు దాటుతుంది. టొలీడో దగ్గర బురద బయటపడుతుంది.

కాబట్టి ఇక్కడికి పడవ చూసేటప్పుడు మొదటి ప్రశ్న అడుగు వైపు వంపు ఎంత అని. అమరం దగ్గర, అంటే పడవ వెనక కొసన, అడుగు ఎన్ని డిగ్రీలు వాలి ఉందో దాన్ని డెడ్‌రైజ్ అంటారు. 15 డిగ్రీల పడవ చదును నీటిలో హాయిగా, తక్కువ పెట్రోలుతో పోతుంది. కెరటం మీద మాత్రం వెన్నుపూసలు లెక్కపెట్టిస్తుంది. 24 ఉంటే కెరటాన్ని కత్తిలా కోస్తుంది గానీ, ఇంజన్ ఆపి గాలాలు వేసుకుని కూర్చుంటే పక్కలకి ఊగుతూనే ఉంటుంది. వాల్‌ఐ వేటలో సగం రోజు అలా తేలుతూ ఉండటమే. నన్నడిగితే 19 నుంచి 21 మధ్య, పొడవు 21 అడుగులకి తగ్గకుండా చూసుకోవాలి. గ్రేడీ వైట్ ఫ్రీడమ్, బోస్టన్ వేలర్ వాంటేజ్, పర్సూట్ డీసీ లాంటివి పాతవైనా ధర దిగవు. ఊరికే కాదు.

పోయిన అక్టోబర్‌లో మా ఫ్రెండ్ కోసం రెండు పడవలు చూశాం. అక్టోబర్ మంచి టైమ్. చలికాలం పడవని దాచడానికి షెడ్డు అద్దె, ప్లాస్టిక్ చుట్టించే ఖర్చు నెత్తిన పడేలోపు అమ్మేద్దామని చూస్తుంటారు. మొదటిది మెరిసిపోతోంది. పెద్ద స్క్రీన్లు, నీలం లైట్లు, కొత్త సీట్లు. మావాడు అప్పటికే సెల్ఫీలు తీసేస్తున్నాడు. వాళ్ళావిడ మాత్రం ముందు సీట్లో కూర్చుని కిందికీ పైకీ చూసి, “అన్నయ్యా, బాబు ఇక్కడ కూర్చున్నప్పుడు కెరటం లోపలికొస్తే ఆ నీళ్ళు ఎటు పోతాయి?” అని అడిగింది.

అమ్మేవాడి దగ్గర జవాబు లేదు. డ్యుయల్ కన్సోల్‌కి ఉన్న పెద్ద బలహీనత అదే. అణియం, అంటే పడవ ముందు భాగం, తెరిచి ఉంటుంది. అందుకని ముందు గోడల ఎత్తు చూడాలి. నడిచే దారికి గట్టిగా బిగిసే తలుపు ఉందా? ముందు భాగం మీద కప్పే కాన్వాస్ ఉందా? లోపల పడ్డ నీళ్ళు పంపు అవసరం లేకుండా తమంతట తామే బయటికి పోయే కంతలు ఉన్నాయా, ఎంత పెద్దవి? ఈ పడవలో రెండే కంతలు, అవి కూడా బొటనవేలంత. ఇంకో మాట. అమెరికా చట్టం ప్రకారం 20 అడుగుల లోపు ఔట్‌బోర్డ్ పడవలు నీళ్ళు నిండినా తేలేలా కట్టాలి, ఎంత బరువు మోయగలవో ప్లేటు ఉండాలి. అంతకంటే పెద్దవాటికి ఆ రూల్ వర్తించదు. పెద్దది కాబట్టి మునగదు అనుకోవద్దు.

తర్వాత కుళ్ళు. పాత పడవల్లో ఫైబర్ గ్లాస్ పొరల మధ్య చెక్క ఉంటుంది. ఎక్కడో ఒక స్క్రూ కంతలోంచి నీరు దిగితే లోపల ఏళ్ళ తరబడి నానుతుంది, పైకి పెయింట్ నిగనిగలాడుతూనే ఉంటుంది. సంతలో పుచ్చకాయ తట్టి చూసినట్టు, స్క్రూడ్రైవర్ పిడితో డెక్కు, అమరం అంతా కొట్టి వినండి. ఖంగుమంటే మంచిది. డబ్బు డబ్బుమని మెత్తగా మోగితే అనుమానించాల్సిందే. ఇంజన్‌ని సగం పైకి లేపి కింది భాగం మీద బరువు వేసి నొక్కండి. ఇంజన్ తగిలించిన గోడ కదిలితే, ఇక బేరం గురించి మాట్లాడక్కర్లేదు. మొదటి పడవ కథ అక్కడితో అయిపోయింది.

రెండోది వెలిసిపోయి ఉంది. స్క్రీన్ చిన్నది, సీటు మీద రెండు చోట్ల టేపు. కానీ ఎక్కడ కొట్టినా ఖంగుమంది. గేర్ ఆయిల్ బొట్టు పిండి చూస్తే టీ డికాషన్ రంగు. అది పాలు కలిపిన టీలా ఉంటే నీరు చేరినట్టు, చలికి ఆ నీరు గడ్డకడితే గేర్ పెట్టె పగులుతుంది. మెకానిక్‌తో అన్ని సిలిండర్ల కంప్రెషన్ కొలిపించాం, ఇంజన్ కంప్యూటర్లో గంటలు చూపించాం. హల్ నంబర్ 12 అక్షరాలు, టైటిల్ కాగితంతో పోల్చుకున్నాం. తుఫానుకి మునిగి దక్షిణాది నుంచి కడిగి తెచ్చిన సరుకు కూడా మార్కెట్లో తిరుగుతుంది మరి. వైర్ల కొసలు పచ్చగా చిలుము పట్టి ఉంటే ఉప్పునీరు తాగిందని అర్థం. ట్రైలర్ బ్రేకులు, బేరింగులు, టైర్లు కూడా పడవంత శ్రద్ధగా చూడాలి. హైవే మీద చక్రం ఊడితే సరస్సు దాకా వెళ్ళే పనే ఉండదు.

నీళ్ళలో ట్రయల్‌కి ఎండ కాసి గాలి లేని రోజు ఇస్తామంటారు. వద్దనండి. రెండడుగుల కెరటం ఉన్న రోజే అడగండి. ఎదురుగా, పక్కగా, వెనకనుంచి, మూడు రకాలుగా నడిపించాలి. వెనక కెరటంలో పడవ చుక్కాని మాట వినకుండా పక్కకి తిరగబోతోందేమో చూసుకోవాలి. మావాడు అది చేశాకే అడ్వాన్స్ ఇచ్చాడు. 1982 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్ళు 10 హార్స్‌పవర్ దాటిన పడవ నడపాలంటే ఒహాయోలో బోటింగ్ కోర్సు తప్పనిసరి. అదీ పాసయ్యాడు. ఇంజన్ ఆపే స్విచ్ తాడు తెగిపోయి ఉంటే కొత్తది కొన్నాడు. 26 అడుగుల లోపు పడవలో ఆ స్విచ్ ఉంటే, వేగంగా పోయేటప్పుడు నడిపేవాళ్ళు తాడు తగిలించుకోవాలని 2021 ఏప్రిల్ నుంచి ఫెడరల్ రూల్.

ఇప్పుడు వాళ్ళింట్లో శుక్రవారం రాత్రి చూసేది సినిమా కాదు, వాతావరణ శాఖ కెరటాల అంచనా. అందులో రాసే ఎత్తు, మొత్తం కెరటాల్లో అన్నిటికంటే పెద్దవైన మూడో వంతు వాటి సగటు మాత్రమే, అప్పుడప్పుడు దానికి రెట్టింపుది కూడా వస్తుంది. కాబట్టి రెండు దాటితే పడవ కవర్ కూడా తీయరు. మొన్న వసంతంలో మొదటి నెల నాలుగు శనివారాల్లో నీళ్ళలోకి దిగింది ఒక్కసారే. మనిషికి రోజుకి ఆరు చేపలు, 15 అంగుళాలకి తగ్గకూడదు. ముగ్గురికీ కలిపి పదకొండు పడ్డాయి. వాళ్ళావిడ అందులో నాలుగు మాకు పంపింది, కారం దట్టించి మరీ.